బిల్డ్ ఆగిపోతే ఫ్లాగ్, ప్యాచ్, పాత వెర్షన్: ఏది మేలు?

జెంటూ అంటే ప్రోగ్రామ్‌లని సోర్స్ కోడ్ నుంచి మన కంప్యూటర్‌లోనే బిల్డ్ (కంపైల్) చేసుకునే లైనక్స్. అందులో అప్‌డేట్ పెట్టాక ఒక ప్యాకేజీ మధ్యలో ఆగిపోయిందంటే జనం పట్టే దారులు మూడు. కంపైలర్‌కి ఒక ఫ్లాగ్ (అదనపు ఆప్షన్) ఇచ్చి నోరు మూయించడం, సోర్స్‌కి ప్యాచ్ (చిన్న దిద్దుబాటు) వేయడం, కొత్త వెర్షన్‌ని మాస్క్ చేసి (ఇన్‌స్టాల్ కాకుండా ఆపి) పాతదానితోనే నెట్టుకురావడం. నన్నడిగితే ప్యాచే మేలు, కాకపోతే అన్నిసార్లూ కాదు.

ముందు లాగ్ చదవాలి. చివర్లో 'మేక్ ఎర్రర్ 2' అని ఉంటుంది, దానితో ఏమీ తేలదు. కంపైల్ పనులు (జాబ్‌లు) చాలా ఒకేసారి నడుస్తాయి కాబట్టి అసలు ఎర్రర్ వందల లైన్ల పైన ఉండొచ్చు, అందుకే ఆ ప్యాకేజీ టెంప్ ఫోల్డర్‌లోని బిల్డ్.లాగ్ తెరిచి పైనుంచి వెతకండి. సీసీ1ప్లస్ (సీ++ కంపైల్ చేసే ప్రోగ్రామ్) పేరు పక్కన 'కిల్డ్' అని కనిపిస్తే చాలావరకు ర్యామ్ చాలలేదని అర్థం. జాబ్‌కి 2 జీబీ లెక్కన చూసుకుని మేక్‌ఆప్ట్స్ సెట్టింగ్‌లో జాబ్‌ల సంఖ్య తగ్గిస్తే సరిపోతుంది.

ఇక ఫ్లాగ్ సంగతి. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్, డిక్లేర్ చేయని ఫంక్షన్ వాడితే ఇదివరకటిలా వార్నింగ్ ఇచ్చి వదిలేయదు, ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎఫ్‌పర్మిసివ్ అనే ఫ్లాగ్ ఇస్తే బిల్డ్ అవుతుంది, నిజమే. కానీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువకి పాయింటర్ ఇచ్చే గెట్ఎన్వ్ ఫంక్షన్‌ని, దాన్ని డిక్లేర్ చేసే ఎస్‌టీడీలిబ్.హెచ్ ఇన్‌క్లూడ్ చేయకుండా పిలిచిన ప్రోగ్రామ్‌నే తీసుకోండి. ఆ ఫంక్షన్ 32 బిట్‌ల ఇంట్ తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంటుంది, దాంతో 64 బిట్‌ల పాయింటర్‌లో సగం తెగిపోతుంది. ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ చేయకపోతే సున్నా వస్తుంది కాబట్టి అంతా బాగానే నడుస్తుంది, సెట్ చేసిన మనిషి దగ్గర మాత్రం క్రాష్ అవుతుంది! బిల్డ్‌లో దొరికిన తప్పుని వేరేవాళ్ల డెస్క్‌టాప్ మీదికి తోసేయడమే ఇది. ప్యాచ్‌గా రాస్తే ఒక్క ఇన్‌క్లూడ్ లైను.

అలాగని ఫ్లాగ్‌లన్నీ చెడ్డవి కావు. 2025లో వచ్చిన జీసీసీ 15 డిఫాల్ట్‌గా సీ23 (సీ భాష కొత్త స్టాండర్డ్) ప్రకారం కంపైల్ చేస్తుంది, అందులో బూల్ కీవర్డ్ అయిపోయింది కాబట్టి తమ సొంత బూల్ టైప్‌డెఫ్ చేసుకున్న పాత ప్రాజెక్టులు ఆగిపోతాయి. అక్కడ స్టాండర్డ్‌ని జీఎన్‌యూ17 అని చెప్పడంలో మోసం ఏమీ లేదు, ఆ కోడ్ రాసిందే పాత స్టాండర్డ్‌కి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఆ ఫ్లాగ్‌ని సిస్టమ్ మొత్తానికి వర్తించే మేక్.కాన్ఫ్‌లో పెట్టొద్దు, ప్యాకేజ్.ఎన్వ్‌తో ఆ ఒక్క ప్యాకేజీకే ఇవ్వండి.

పాత వెర్షన్‌తో ఉండటం నాకు అస్సలు నచ్చదు. చిన్న డెస్క్‌టాప్ యాప్ అయితే కొన్నాళ్లు ఫర్వాలేదు గానీ, లైబ్రరీ అయితే దానిమీద ఆధారపడ్డ మిగతావన్నీ ఇరుక్కుంటాయి, సెక్యూరిటీ ఫిక్స్‌లూ రావు. పైగా కంపైలర్ మారినందువల్ల బిల్డ్ ఆగితే, పాత వెర్షన్ కూడా రేపు రీబిల్డ్ చేయాల్సి వస్తే అదే చోట ఆగుతుంది. పనికి మరీ అర్జెంటైతే జెంటూ 2023 డిసెంబర్ నుంచి విస్తృతంగా ఇస్తున్న బైనరీ (ముందే కంపైల్ చేసిన) ప్యాకేజీ ఉందేమో చూడండి, యూజ్ ఫ్లాగ్‌లు (ఫీచర్ల ఎంపికలు) కలిస్తే ఆ పూటకి గండం గడుస్తుంది.

ప్యాచ్ రాయడం కష్టమని చాలామంది వెనకాడతారు. ముందు జెంటూ బగ్‌జిల్లా (బగ్‌లు నమోదు చేసే సైట్), అప్‌స్ట్రీమ్ (ఆ ప్రోగ్రామ్ అసలు రచయితల) గిట్ చూడండి, చాలాసార్లు ఎవరో ఒకరు రాసేసే ఉంటారు. దాన్ని ఈటీసీలోని పోర్టేజ్ ప్యాచెస్ ఫోల్డర్‌లో, ప్యాకేజీ కేటగిరీ, పేరుతో ఉన్న సబ్‌ఫోల్డర్‌లో పెడితే చాలు, ఈబిల్డ్ (ప్యాకేజీని బిల్డ్ చేసే స్క్రిప్ట్) జోలికే వెళ్లక్కర్లేదు. నాకు దీంట్లో బాగా నచ్చేది ఏంటంటే, సోర్స్ మారిపోయి ప్యాచ్ అతుక్కోకపోతే బిల్డ్ అక్కడే ఆగుతుంది, అంటే అప్‌స్ట్రీమ్ వాళ్లు సరిచేశారేమో చూడమని మనకి తెలిసిపోతుంది. ఫ్లాగ్ అయితే అవసరం తీరిపోయినా ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. సొంతంగా రాసిన ప్యాచ్ అయితే, బిల్డ్ అయిన రోజే దాన్ని అప్‌స్ట్రీమ్‌కి పంపేయండి. లేకపోతే ప్రతి వెర్షన్‌కీ దాన్ని మోసుకు తిరగాల్సింది మీరే.