యాంట్‌కాంక్‌తో గోదారి మాటలు వెతుక్కున్న ఆరేళ్లు

ఆరేళ్ల కిందట మా రాజోలు వైపు లంకల్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయడం మొదలుపెట్టాను. 1986 వరద, 1996 తుఫాను, కొబ్బరి దింపు, పంటు మీద ఏరు దాటడం, వాళ్లు ఏది చెబితే అది. విని, పలికింది పలికినట్టే టైపు చేశాను. అంత రాతలో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకడానికి అప్పటి నుంచీ వాడుతున్నది యాంట్‌కాంక్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం. జపాన్‌లోని వసేదా విశ్వవిద్యాలయంలో పనిచేసే లారెన్స్ ఆంథొనీ దీన్ని తయారుచేసి ఉచితంగా ఇస్తున్నారు.

మొదట్లోనే వదిలేయాల్సింది. పదాల పట్టిక తీస్తే 'గోదారి' లేదు. 'గ', 'ద', 'ర' విడివిడిగా ఉన్నాయి. ఫైలు పాడైందనుకుని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. కంప్యూటర్‌లో అన్ని భాషల రాతకూ వాడే యూనికోడ్ పద్ధతిలో మన గుణింతాల గుర్తులూ పొల్లూ అక్షరాల తరగతిలో ఉండవు, 'మార్క్' అనే వేరే తరగతిలో ఉంటాయి. ఏయే గుర్తులు కలిస్తే ఒక మాటో చెప్పే టోకెన్ సెట్టింగులో ఆ తరగతిని కూడా చేర్చాక మాటలు అతుక్కున్నాయి. ఆ పని చేయకుండా దీని మీద ఎవరూ తీర్పు చెప్పొద్దు. అలాగే 'బ్యారేజ్‌లో' లాంటి మాటల మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటుంటుంది. దాన్ని ముందే తీసేయకపోతే 'లో' వేరే పదమై కూర్చుంటుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన రాతను యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ఇందులో పెట్టాలి.

దీనికి తెలుగు వ్యాకరణం రాదు. 'గోదార*' అని కొడితే (* అంటే ఆ తర్వాత ఏమున్నా సరే) గోదారికి, గోదార్లో, గోదారొచ్చింది అన్నీ వస్తాయి. కానీ ఏరు, ఏటికి, ఏట్లో ఒకే మాట అని దానికి తెలియదు, మూడూ విడిగా వెతుక్కోవాలి. 'గట్ట*' అంటే గట్టుతో పాటు 'గట్టిగా' కూడా వచ్చి పడుతుంది. విసుగే, కానీ అలవాటవుతుంది.

నన్ను కట్టిపడేసింది ప్లాట్ అనే భాగం. వెతికిన మాట ఫైల్లో ఎక్కడెక్కడ వచ్చిందో ఒక పట్టీ మీద నిలువు గీతలుగా చూపిస్తుంది. 'వరద' గీతలన్నీ ప్రతి ఫైల్లోనూ నా ప్రశ్న పక్కనే గుంపుగా ఉన్నాయి. 'గోదారి' గీతలు చివరిదాకా పరుచుకుని ఉన్నాయి. అంటే 'వరద' నేను వాళ్ల నోట్లో పెట్టిన మాట. వాళ్లకి వరద వస్తే గోదారొచ్చినట్టే. చెవులారా ఎన్నిసార్లు విన్నా నాకు తట్టని సంగతి అది. దీనికోసమైనా తెలుగు మాస్టార్లూ, ఊరి ముచ్చట్లు పోగుచేసేవాళ్లూ దీన్ని నేర్చుకోవాలని గట్టిగా కోరుకుంటాను.

ఇప్పుడు నా ప్రశ్నలను వేరే ఫైల్లో దాస్తున్నాను. మాట కలిపేటప్పుడు కూడా "ఆ ఏడు గోదారొచ్చినప్పుడు ఎక్కడున్నారండీ?" అనే అడుగుతున్నాను.