స్టాక్ వార్నింగ్ వస్తే కెమాలక్ మేలా, నోఇన్‌లైన్ మేలా?

లినక్స్ కెర్నల్ బిల్డ్ చేస్తుంటే కంపైలర్ "ఫ్రేమ్ సైజ్ 2,480 బైట్లు, 2,048 దాటింది" అందనుకోండి. ఫ్రేమ్ అంటే ఒక ఫంక్షన్ తన లోకల్ వేరియబుల్స్ కోసం స్టాక్ అనే మెమరీలో తీసుకునే చోటు. దాన్ని తగ్గించడానికి రెండు దారులు: బఫర్‌ను కెమాలక్‌తో స్టాక్ బయట తీసుకోవడం, లేదా నోఇన్‌లైన్‌తో ఒక ఫంక్షన్ తనను పిలిచే ఫంక్షన్‌లో కలిసిపోకుండా ఆపడం. కాన్ఫిగ్‌లో ఫ్రేమ్ వార్న్ అంకె పెంచితే వార్నింగ్ పోతుంది, ఫ్రేమ్ మాత్రం అంతే ఉంటుంది. 64-బిట్ ఎక్స్86లో ఒక్కో థ్రెడ్‌కి కెర్నల్ స్టాక్ 16 కేబీ. 2014లో 3.15 వెర్షన్ వచ్చేదాకా 8 కేబీయే. యూజర్ ప్రోగ్రామ్ స్టాక్‌లా అది పెరగదు. పైగా కంపైలర్ చెప్పేది ఒక్క ఫంక్షన్ లెక్కే. పైన ఎవరు పిలిచారో, కింద ఇంకెంత లోతుందో దానికి పట్టదు.

ముందు దొంగను పట్టుకోవాలి. ఆ ఫైల్‌ను ఎఫ్‌స్టాక్-యూసేజ్ ఫ్లాగ్‌తో కంపైల్ చేస్తే, జీసీసీ కంపైలర్ ఒక డాట్ ఎస్‌యూ ఫైల్‌లో ఫంక్షన్‌కో లైన్ రాస్తుంది. అక్కడ ఉన్న లైన్ల కంటే లేని లైన్ మీద నాకు ఎక్కువ అనుమానం. సోర్స్‌లో కనిపించే స్టాటిక్ హెల్పర్‌కి అందులో లైన్ లేదంటే, చాలాసార్లు కంపైలర్ దాన్ని పిలిచే ఫంక్షన్‌లోకి ఇన్‌లైన్ చేసేసినట్టే, అంటే దాని కోడ్‌ను అక్కడే కలిపేసినట్టే.

ఉదాహరణకి, ఐఓసీటీఎల్ హ్యాండ్లర్‌లో (ప్రోగ్రామ్ డివైస్‌కి పంపే కమాండ్లు చూసే ఫంక్షన్) ఒక స్విచ్, నాలుగు కేసులు, ఒక్కోదానికో హెల్పర్, ఒక్కోదానిలో 600 బైట్ల స్ట్రక్ట్. నడిచేది ఒక్క కేసే. కానీ అన్నీ ఇన్‌లైన్ అయి, చోటు పంచుకోకపోతే 2,400 బైట్లు ఎప్పుడూ ఖర్చే. ఇక్కడ నోఇన్‌లైన్‌దే గెలుపు. హెల్పర్ల ముందు నోఇన్‌లైన్_ఫర్_స్టాక్ అని పెడితే చాలు. ఏ కేసు నడిస్తే దాని ఫ్రేమే స్టాక్ మీదికి వస్తుంది. మెమరీ దొరకదేమో అన్న టెన్షన్ లేదు.

ఒక్క ఫంక్షన్‌లోనే 2 కేబీ బఫర్ ఉంటే మాత్రం నోఇన్‌లైన్ వల్ల లాభం లేదు. అప్పుడు కెమాలకే. ఆ బఫర్ పట్టుకుని ఫైల్‌సిస్టమ్ నుంచి బ్లాక్ లేయర్ దాకా దిగే కోడ్ అయితే, వార్నింగ్ రాకపోయినా నేను కెమాలకే వాడతాను. బదులుగా నల్ చెక్ రాయాలి, ప్రతి ఎర్రర్ దారిలో మెమరీ తిరిగిచ్చే కేఫ్రీ మర్చిపోకూడదు. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని లాక్) పట్టుకుని ఉంటే కెమాలక్‌కి మామూలుగా ఇచ్చే జీఎఫ్‌పీ_కెర్నల్ ఫ్లాగ్ కుదరదు, అది నిద్రపోవచ్చు. జీఎఫ్‌పీ_అటామిక్ వాడాలి, అది ఇంకా సులువుగా ఫెయిలవుతుంది.

బఫర్‌ను స్టాటిక్ చేద్దామా, అంటే అందరికీ ఒకే కాపీ ఉంచుదామా? రెండు సీపీయూలు ఒకేసారి అందులో రాస్తే ఆ బగ్ వెతకడానికి వారం పడుతుంది.

అన్నట్టు, వార్నింగ్ కేసాన్ (మెమరీ తప్పులు పట్టే కెర్నల్ టూల్) ఆన్ చేసిన బిల్డ్‌లోనే వస్తోందా? కేసాన్ వేరియబుల్స్ చుట్టూ రెడ్‌జోన్లు, అంటే కాపలా ఖాళీలు, పెడుతుంది, ఫ్రేమ్ ఉబ్బుతుంది. అది తీసేసి ఒకసారి బిల్డ్ చేసి చూశాకే కోడ్ మీద చెయ్యి వేయండి.