పాత లెన్స్ కొనేవాళ్ళూ, "చిన్న ధూళేనండీ" అంటే నమ్మకండి

కోనసీమలో గానీ, భీమవరం, పాలకొల్లు వైపు గానీ పాత మాన్యువల్ (చేత్తో తిప్పి ఫోకస్ చేసే) కెమెరా లెన్స్ కొందామని చూస్తున్నవాళ్ళు డబ్బు ఇచ్చే ముందు ఇది చదవండి. పోయిన నెల నాకు 9,500 రూపాయలు పోయాయి. అమ్మినాయన పేరు రాయడం లేదు. కానీ ఆయన దగ్గర ఇంకా రెండు లెన్స్‌లు అమ్మకానికి ఉన్నాయి, అందుకే ఆగకుండా రాస్తున్నాను.

నేను కొన్నది నికాన్ 105 ఎంఎం, ఎఫ్/2.5, ఏఐ-ఎస్ అనే పాత మాన్యువల్ రకం. ముఖాలు తీయడానికి దీనికి ఎంత పేరుందో చాలామందికి తెలుసు. 1984లో స్టీవ్ మెకర్రీ ఆకుపచ్చ కళ్ళ ఆఫ్ఘన్ అమ్మాయిని తీసింది ఈ లెన్స్‌తోనే. చాలాకాలంగా వెతుకుతున్నాను. "పాత స్టూడియో సామాను, గాజు క్లియర్, లోపల చిన్న ధూళి" అని ప్రకటన కనబడగానే ఫోన్ చేశాను.

రావులపాలెంలో కలిశాం. పొద్దున్న పదకొండు, ఎండ మండిపోతోంది. ఆయన లెన్స్‌ని ఆకాశం వైపు ఎత్తి చూపించారు. అద్దంలా ఉంది. అంచున మాత్రం తెల్లగా ఏదో కనబడితే అడిగాను. "ఆయ్, ధూళేనండీ. నలభై ఏళ్ళ లెన్సు, ఆ మాత్రం ఉండదాండీ? ఫొటోలో పడదు, నాదీ పూచీ" అన్నారు. పెద్దాయన, నమ్మాను.

ఆ సాయంత్రమే కోటిపల్లి రేవుకి వెళ్ళాను. ముక్తేశ్వరం వెళ్ళే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద మా అన్నయ్య కూతురిని నిలబెట్టి, వెనక పొద్దు పెట్టి తీశాను. ఫొటో నిండా పాలు కలిపినట్టు తెల్లటి పొర. జుట్టు నలుపు కూడా బూడిద రంగులో వచ్చింది. సూర్యుడు నా వీపు వెనక ఉండగా తీసినవి మాత్రం బాగానే ఉన్నాయి. అప్పుడే అనుమానం వచ్చింది.

రాత్రి లైట్లు తీసేసి, ఫోన్ టార్చ్ లెన్స్ వెనకవైపు పెట్టి ముందునుంచి ఏటవాలుగా చూశాను. కడుపులో దేవినట్టయింది. అంచునుంచి మధ్యకి సన్నని తెల్ల దారాలు, చెట్టు వేళ్ళలా కొమ్మలు వేసుకుంటూ పాకి ఉన్నాయి. ధూళి కాదు, బూజు. ఫంగస్.

రాజమండ్రిలో పాత కెమెరాలు విప్పి బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెప్పింది మీకూ అవసరం. ఈ లెన్స్‌లో ఐదు గాజులుంటాయి, వాటిలో రెండిటిని ఒకదానికొకటి అతికించి ఉంటారు. విడి గాజు మీద బూజు కొత్తగా పట్టి ఉంటే విప్పి, హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా లాంటివి వాడి తుడిచేస్తారు. కానీ ఫంగస్ పెరుగుతూ యాసిడ్ వదులుతుంది. అది మొదట గాజు మీది పల్చటి పూతని, అంటే కోటింగ్‌ని, తర్వాత గాజుని తింటుంది. ఆ తిన్న గుర్తు ఎంత తుడిచినా పోదు. నా లెన్స్‌లో వెనక గాజుకి ఆ మచ్చలు పడిపోయాయి, అతికించిన జత మధ్యలోకీ పాకింది. ఆ జతని విడదీసి మళ్ళీ సరిగ్గా అతికించడానికి అయ్యే ఖర్చుతో ఇంకో లెన్స్ వస్తుంది. ఆయన డబ్బు తీసుకోకుండా పంపేశారు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మీ ఇంట్లో పట్టిందేమోనండీ, సరుకు అమ్మేశాక నాకు సంబంధం లేదు" అన్నారు. నాలుగు రోజుల్లో కోటింగ్ తినేసే బూజు ఉండదు. ఆయనకీ తెలుసని నా నమ్మకం. లేకపోతే పట్టపగలు ఆకాశం వైపే ఎందుకు చూపిస్తారు? అంత వెలుతురులో దారాలు కనబడవు.

కాబట్టి లెన్స్ చూసేటప్పుడు నీడలోకి, వీలైతే చీకటి గదిలోకి వెళ్ళండి. రెండు మూతలూ తీసి అపర్చర్ (లోపల వెలుతురు వెళ్ళే రంధ్రం) పూర్తిగా తెరవండి. టార్చ్ వెనకనుంచి వేసి ముందునుంచి, తర్వాత ముందునుంచి వేసి వెనకనుంచి చూడండి. నేరుగా కాదు, పక్కకి వంచుతూ. ధూళి అయితే విడివిడి చుక్కల్లా ఉంటుంది. బూజు సాలెగూడులా, కొమ్మలుగా ఉంటుంది. అంతటా సమంగా మంచు పట్టినట్టుంటే అది హేజ్, దాని గురించి వేరే అడగాలి. అమ్మేవాళ్ళు దూరంలో ఉంటే టార్చ్ వేసిన వీడియో పంపమనండి, "ఫంగస్ లేదు" అని మెసేజ్‌లో రాయించుకోండి. పంపడానికి సాకులు చెబితే వదిలేయండి. ముందు గాజు అంచున చిన్న మచ్చ ఉండి, ఆ సంగతి వాళ్ళే చెప్పి ధర తగ్గిస్తే కొనడంలో తప్పు లేదు, ఫొటోలో దాదాపు తెలియదు. వెనక గాజు మీద ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు.

మన ప్రాంతం సామాను అయితే ఇంకా గట్టిగా చూడాలి. కాలవలు, వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోటల నీడ, ఇటు సముద్రపు గాలి. గాలిలో తేమ 70 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే బూజుకి పండగ. ఆగస్టు ముసురులో మా గదిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 80 పైనే చూపించింది. ఇక్కడి పాత స్టూడియోలు మూసేశాక వాటి లెన్స్‌లు తోలు కేసుల్లోనే బీరువాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. తోలు చెమ్మని పీల్చి పట్టి ఉంచుతుంది. లెన్స్ ఎక్కడ, దేంట్లో పెట్టారో తప్పకుండా అడగండి. తోలు కేసుతో ఇస్తే కేసు అక్కడే వదిలేసి రండి.

ఇంటికి తెచ్చాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, చిన్న హైగ్రోమీటర్ చాలు. తేమ 40 నుంచి 50 మధ్య ఉండాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వేడిచేసి మళ్ళీ వాడొచ్చు, వంట మూకుడులో మాత్రం వద్దు. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు, ఆ పిండి ధూళి లెన్స్‌లోకి పోతుంది. కలరా ఉండలు తేమని తీయవు. ఎండలో పెడితే పోతుందనేది కూడా నమ్మొద్దు: బూజుని చంపే అతినీలలోహిత కిరణాల్ని గాజు చాలావరకు ఆపేస్తుంది, పైగా లెన్స్ కింద గుడ్డ ఉంటే నిప్పు అంటుకోవచ్చు.

నాకు అమ్మినాయన దగ్గర మిగిలినవి ఒక 28 ఎంఎం, ఒక 135 ఎంఎం, రెండూ తోలు కేసులతో. నాది తీసిన పెట్టెలోంచే అవీ తీసి చూపించారు. ప్రకటనలో "గాజు క్లియర్, చిన్న ధూళి" అనే మాటలే ఉన్నాయి. ఆ ప్రకటన ఎవరికైనా కనబడితే టార్చ్ లేకుండా వెళ్ళకండి.