బైబరీలో అరగంట, పక్క ఊళ్లో రెండు రాత్రులు

లండన్ చూపించడం అయిపోయాక, "ఇక్కడి పల్లెటూరు ఒకటి చూపించమ్మా" అన్నారు నాన్న. ఆయన గుంటూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసి రిటైరయ్యారు. ఏ ఊరు వెళ్లినా గుడి కంటే ముందు మురుగు కాలువ ఎటు పారుతోందో చూసే మనిషి. ఆయనకు నచ్చే పల్లె ఏదో తోచక, అందరిలాగే నేనూ పాతకాలపు రాతి పల్లెలకు పేరుపడ్డ కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు కారు తిప్పాను. రెడింగ్‌లో ఉండే మాకు అది గంటన్నర ప్రయాణం. స్విండన్ దాకా ఎం4 రోడ్డు, అక్కడి నుంచి సైరన్‌సెస్టర్, ఆపైన రాతి ప్రహరీల మధ్య సన్నని దారి.

ఆదివారం పదకొండింటికి బైబరీ చేరాం. అదే నా మొదటి పొరపాటు. ఊరి జనాభా ఆరువందల చిల్లర. వారాంతాల్లో ఇరవై వేల మంది దాకా వస్తున్నారని ఇక్కడి పత్రికలు రాశాయి. నేను లెక్కపెట్టలేదు గానీ, కోల్న్ నది పక్కన కారు నిలపడానికి చోటు దొరికేసరికి మూడు చుట్లు తిరిగాను. ఆ మూడు చుట్లలోనూ ఒకే ముసలావిడ తన ఇంటి గేటు దగ్గర నిలబడి మా కారును చూస్తూ ఉంది. మూడోసారి నేను తల తిప్పుకున్నాను.

అందరూ వచ్చేది ఆర్లింగ్టన్ రో కోసం. 1380 ప్రాంతంలో ఉన్ని నిల్వ చేయడానికి కట్టిన కొట్టు అది. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. ఎదురుగా ఉన్న పచ్చిక మడిలో బట్టను దండేల మీద ఆరబెట్టేవారట. వంగిన కప్పులు, తేనె రంగు రాయి, ముందు చిన్న వాగు. బాగుంది, కాదనను. అయితే ఆ ఇళ్లలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. మేము చూస్తుండగానే ఒకాయన కిటికీ అద్దానికి ముఖం ఆనించి లోపలికి తొంగిచూశాడు. అవతల కర్టెను చటుక్కున మూసుకుంది.

2017లో ఈ వీధిలోనే ఒక పెద్దాయన పసుపుపచ్చ కారును ఎవరో ధ్వంసం చేశారు. ఫొటోలకు అడ్డు వస్తోందని అంతకుముందు నుంచే దాని మీద సణుగుడు ఉండేది. దానికి జవాబుగా ఎక్కడెక్కడి నుంచో వంద దాకా పసుపు కార్లు వరుసకట్టి ఊళ్లోకి వచ్చాయి. ఈ కథ చెబితే అమ్మ నవ్వింది గానీ నాన్న నవ్వలేదు. "ఆయన కారు ఆయన ఇంటి ముందు పెట్టుకుంటే వీళ్లకేమిటి?" అన్నారు. టూరిస్టు బస్సులు ఊరి నడుమ ఆగకుండా 2025లో గ్లౌస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ (మన జిల్లా పరిషత్తు లాంటిది) ప్రయోగాత్మకంగా ఆంక్షలు పెట్టింది. మరి మాలాంటి కార్ల సంగతి? మరుగుదొడ్డి దగ్గర వరుసలో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఊరు చూసింది అరగంటే. వెళ్లాలనుకుంటే ఉదయం ఎనిమిదింటికి వెళ్లండి, లేదా చలికాలంలో వెళ్లండి.

బోర్టన్ ఆన్ ది వాటర్ అమ్మకు నచ్చింది. మోకాలు లోతైనా లేని విండ్రష్ నది, దాని మీద పొట్టి రాతి వంతెనలు, నీళ్లలో పిల్లలు. జనం ఇక్కడా తిరునాళ్ల లాగే ఉన్నారు, కానీ దుకాణాలు, బల్లలు, కూర్చునే చోట్లు చాలినన్ని ఉన్నాయి. 1937లో తెరిచిన ఊరి నమూనా ఒకటి ఉంది, అసలు ఊరికి తొమ్మిదో వంతు. అందులో ఆ నమూనాకు మళ్లీ బుల్లి నమూనా. అమ్మ చాలాసేపు వంగి చూసి, "ఈ ఊరు బాగుంది, ఒక్క కారూ లేదు" అంది.

బర్ఫర్డ్‌లో కారు దిగలేదు. ఏటవాలు బజారు వీధి, కింద నదిపై పాతకాలపు ఇరుకు వంతెన. వాటి మీదుగా లారీలు వెళ్తున్నాయని 2020లో బరువు పరిమితి పెట్టి చూశారు. లారీలు చుట్టుపక్కల ఊళ్ల మీద పడ్డాయన్న గోల లేచి, 2022లో ఆ పరిమితి ఎత్తేశారు.

రెండు రాత్రులు బస చేసింది మాత్రం యాత్రికులెవరూ రాని చిన్న ఊళ్లో. దాని పేరు చెప్పను, అలాగే ఉండనివ్వండి. ఒకావిడ తన ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తుంది, రాత్రికి 95 పౌండ్లు, ఉదయం ఫలహారంతో కలిపి. గది శుభ్రం, పరుపు మెత్తన, పెరట్లో కోళ్లు. గుడ్లు తినని అమ్మకు పుట్టగొడుగులు వేయించి పెట్టింది. బాత్‌రూములో చెంబు ఉండదు, మీది మీరు తీసుకెళ్లండి. ఫోనుకు సిగ్నల్ లేదు. ఊళ్లో దుకాణం మూతపడింది, పబ్బు వారంలో నాలుగు రోజులే. బస్సు రోజుకు మూడుసార్లు వస్తుంది, ఆదివారం అదీ లేదు. ఎర్ర టెలిఫోను డబ్బాలో ఫోను తీసేసి గుండె ఆగితే వాడే యంత్రం పెట్టారు, కింది అరలో పాత నవలలు. టెలిఫోను సంస్థ ఇలాంటి డబ్బాలను ఒక్క పౌండుకు ఊరి కౌన్సిళ్లకు ఇచ్చేస్తుంది.

ఆ డబ్బా పక్కన నోటీసు బోర్డు ఉంది. ఆర్లింగ్టన్ రో ముందు నిలబడని నాన్న దీని ముందు పావుగంట నిలబడ్డారు. సోమవారం సాయంత్రం పారిష్ కౌన్సిల్ సమావేశం. ఎవరైనా రావచ్చు. మర్నాడు నాకు ఆఫీసు ఉంది, అయినా వెళ్లాం.

పారిష్ కౌన్సిల్ అంటే ఇక్కడి పంచాయతీ. 1894 నాటి చట్టంతో పుట్టింది. సభ్యులకు జీతం ఉండదు. ఇంటి పన్నులో కొంత వాటా వీళ్లకు వస్తుంది, దానితోనే శ్మశానం, ఆటస్థలం, బస్సు ఆగే చోట కప్పు లాంటివి చూసుకోవాలి. హాల్లో ఏడుగురు సభ్యులు, ఒక క్లర్కు, మాతో కలిపి ఆరుగురు ప్రజలు. మొదటి పావుగంట ప్రజలు మాట్లాడొచ్చు. ఒకావిడ లేచి, బడి దగ్గర కాలిబాట లేదని, కార్లు యాభై మైళ్ల వేగంతో దూసుకుపోతున్నాయని, మూడేళ్లుగా అడుగుతున్నానని అంది. అధ్యక్షుడు అలసిన గొంతుతో అదే జవాబు మళ్లీ చెప్పాడు. రోడ్డు కౌంటీ కౌన్సిల్‌ది. వేగం తగ్గించే బోర్డు పాతాలన్నా వాళ్లే పాతాలి. మేము ఉత్తరం రాయగలం.

నాన్న నా చెవిలో, "మన ఆర్ అండ్ బీ రోడ్డే" అన్నారు. మా ఊళ్లో ఒక స్పీడు బ్రేకరు కోసం ఆయన ఎన్ని అర్జీలు రాశారో నాకు తెలుసు. మన ఊళ్లో కనీసం ఎవరో ఒకరు రాత్రికి రాత్రి తాటి మొద్దు అడ్డం వేసి మట్టి కప్పేస్తారు. ఇక్కడ ఉత్తరమే.

తర్వాత కుక్కల మలం వేసే డబ్బా మీద అరగంట చర్చ జరిగింది. దాని గురించి రాయను.

బయటికొచ్చేసరికి చీకటి. వీధి దీపాలు లేవు. బస దాకా నాలుగు వందల గజాలు, ఫోను వెలుగులో ఒకరి వెనక ఒకరం నడిచాం. మలుపులో కారొకటి దూసుకొచ్చింది. ముగ్గురం కంచెలోకి నక్కాం. అమ్మ చీర కుచ్చిళ్లు ముళ్లకు పట్టుకున్నాయి. విడిపించుకుంటుంటే చేతికి దురదగొండి లాంటి ఆకేదో తగిలి రాత్రంతా మండింది.

మర్నాడు ఉదయం ఆఫీసుకు సెలవు చెప్పి బయలుదేరాం. ఊరి చివర పచ్చరంగు కోట్లు వేసుకుని ముగ్గురు నిలబడి ఉన్నారు, అందులో ఒకరు మాకు గదులిచ్చిన ఆవిడ. చేతిలో వేగం కొలిచే యంత్రం. వీళ్లు స్వచ్ఛంద కార్యకర్తలు, జరిమానా వేయలేరు. ముప్పై మైళ్ల పరిమితి దాటి బాగా వేగంగా వెళ్లే కార్ల నంబర్లు రాసి పోలీసులకు పంపితే, వాళ్లు హెచ్చరిక ఉత్తరం రాస్తారు. మళ్లీ ఉత్తరమే.

నాన్న కారాపమని దిగి, పది నిమిషాలు ఆవిడ పక్కన నిలబడ్డారు. "నలభై ఒకటి," అంటోంది ఆవిడ. ఇంకొకాయన రాసుకుంటున్నాడు. "ముప్పై ఎనిమిది." తిరిగొచ్చి బెల్టు పెట్టుకున్నాక, స్విండన్ దాకా నాన్న కిటికీలోంచి బయటికి చూడలేదు. నా స్పీడోమీటరు వైపే చూస్తూ కూర్చున్నారు.