స్లీవ్ తీస్తే వాపసు లేదంటూ అమ్మే పోకెమాన్ డెక్కులతో జాగ్రత్త

పోకెమాన్ కార్డుల పోటీలకు వెళ్లాలనే ఉత్సాహంతో డెక్ మొత్తాన్ని, అంటే ఆటకు కావలసిన అరవై కార్డుల కట్టను, ఒకే మనిషి దగ్గర కొనబోతున్న ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికీ, డబ్బు పంపే ముందు ఒకసారి చూడమని పిల్లలు అడిగితే ఏం చూడాలో తెలియని తల్లిదండ్రులకూ ఇది రాస్తున్నాను. “టోర్నమెంట్ రెడీ డెక్” అనే పేరుతో మన వైపు వాట్సాప్, టెలిగ్రామ్ గుంపులలో తిరుగుతున్న ఒక ప్రకటన వల్ల మా ఇంట్లో ₹5,500 పోయాయి. అదే ప్రకటన, అదే ఫొటో, అవే మాటలతో వేరే గుంపులలో ఇంకా కనబడుతోంది కాబట్టి ఈ హెచ్చరిక అవసరమనిపించింది. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, పైగా పేరు మార్చుకోవడం అతనికి నిమిషం పని. పద్ధతిని గుర్తుపట్టగలిగితే పేరుతో పని లేదు.

బరంపురంలో ప్లస్ త్రీ (డిగ్రీ) చదువుతూ, సాయంత్రాలు చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పే మా పిన్ని కొడుకు, విశాఖపట్నంలో జరిగే పోటీకి వెళ్లాలని 2025 దసరాకు ముందు ఈ డెక్ కొన్నాడు. అమ్మకందారు అడగకముందే మూడు మాటలు చెప్పాడు. ఇది స్టాండర్డ్ ఫార్మాట్‌లో, అంటే ఇటీవలి కార్డులతోనే ఆడే పోటీ పద్ధతిలో, గెలిచే డెక్ అన్నాడు. “తమ్ముడూ, అరవై కార్డులూ ఒరిజినల్, నేనే ఆడిన డెక్” అన్నాడు. యూపీఐలో డబ్బు వేసేటప్పుడు వివరం దగ్గర “గిఫ్ట్” అని రాయమన్నాడు. మూడవ మాట దగ్గరే ఆగిపోవలసిన బేరమని ఈ రంగంలో పాతవారికి తెలుస్తుంది. కొత్తగా ఆడుతున్న కుర్రవాడికి, అందులోనూ ఎదుటివాడు అన్నయ్యలా ఆప్యాయంగా మాట్లాడుతున్నప్పుడు, తెలియకపోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

పార్సిల్ చూడడానికి ముచ్చటగానే ఉంది. డెక్ పెట్టె చుట్టూ ఒక స్టిక్కర్ అంటించి ఉంది. దాని మీద స్టిక్కర్ చించినా, స్లీవుల (కార్డులకు తొడిగే ప్లాస్టిక్ తొడుగుల) నుంచి కార్డులు బయటకు తీసినా వాపసు తీసుకోబోమని అచ్చు వేసి ఉంది. లోపల అరవై కార్డులూ వెనుకవైపు పూర్తిగా నల్లగా ఉండే స్లీవులలో ఉన్నాయి. ఈ షరతును నిదానంగా ఆలోచించి చూడండి. నకిలీ కార్డును పట్టించేవి ప్రధానంగా దాని వెనుక భాగమూ, దాని అంచూ. నల్లని స్లీవ్ ఆ రెండింటినీ కప్పేస్తుంది. స్లీవ్ తీయనిదే మోసం కనబడదు, తీస్తే డబ్బు రాదు. అంటే కొన్నవాడు ఏ దారిలో వెళ్లినా అమ్మినవాడికి నష్టం లేకుండా ముందే కట్టుదిట్టం చేసుకున్నాడన్నమాట. నిజాయితీగా కార్డులు అమ్మేవారు ఎవరూ ఇలాంటి షరతు పెట్టగా నేను చూడలేదు. సరైన సరుకు ఉన్నవాడు స్లీవ్ తీసి చూపించడానికి సంకోచించడు.

అది లూగియా వీస్టార్ అనే కార్డు చుట్టూ కట్టిన డెక్. ఒకప్పుడు అది నిజంగా గట్టి డెక్కే, ఆ మాట అబద్ధం కాదు. 2022 నవంబరులో వచ్చిన సిల్వర్ టెంపెస్ట్ సెట్‌లోని లూగియా వీస్టార్ తన సామర్థ్యంతో డిస్కార్డ్ పైల్‌లో, అంటే వాడి పక్కన పడేసిన కార్డుల కుప్పలో, ఉన్న రెండు ఆర్కియాప్స్ అనే పోకెమాన్ కార్డులను నేరుగా బెంచ్ మీదకు, అంటే ఆటలో సిద్ధంగా ఉండే పోకెమాన్ల వరుసలోకి, తెచ్చుకుంటుంది. ఒక్కొక్క ఆర్కియాప్స్ ప్రతి టర్న్‌లోనూ డెక్ నుంచి దాడికి కావలసిన శక్తినిచ్చే స్పెషల్ ఎనర్జీ కార్డులను రెండింటిని వెతికి ఒక పోకెమాన్‌కు తగిలిస్తుంది. ఆ వేగాన్ని తట్టుకోవడం ఎదుటివారికి చాలా కష్టంగా ఉండేది. అయితే ఈ కార్డులన్నింటి మీద ఎడమవైపు అడుగున చిన్న పెట్టెలో ఇంగ్లీషు “ఎఫ్” అక్షరం ఉంటుంది; కార్డు స్టాండర్డ్‌లో చెల్లుతుందో లేదో ఈ అక్షరాన్ని బట్టే చూస్తారు. ఎఫ్ అక్షరపు కార్డులు 2025 ఏప్రిల్ 11న స్టాండర్డ్ ఫార్మాట్ నుంచి తొలగిపోయాయి. ఆ రోజు నుంచి జి, హెచ్, ఐ అక్షరాల కార్డులే చెల్లాయి. అంటే మా తమ్ముడు డబ్బు చెల్లించే నాటికి ఆ డెక్‌కు గడువు తీరి నెలలు గడిచిపోయాయి. పాత కార్డులను అనుమతించే ఎక్స్‌పాండెడ్ ఫార్మాట్‌లో దానిని ఆడవచ్చు గానీ, అతడు వెళ్లదలచుకున్నది స్టాండర్డ్ పోటీకి, ప్రకటనలో ఉన్నదీ స్టాండర్డ్ అనే.

ఈ అక్షరం విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు ఎక్కువమంది నష్టపోయేది నకిలీల వల్ల కాదు, దీనివల్లే అని నా అభిప్రాయం. స్టాండర్డ్ ఫార్మాట్‌లో ఏ అక్షరాలు చెల్లుతాయన్నది ఏడాదికి ఒకసారి మారుతుంది. అక్షరం తొలగిపోగానే దాని మీద ఆధారపడిన డెక్కుల విలువ పడిపోతుంది. వారం వారం పోటీలు జరిగే నగరాలలో వాటిని కొనేవారు ఉండరు. కాబట్టి ఆ నిల్వను ఎవరూ అక్షరం చూడని ఊళ్లకు తరలించడం అమ్మకందారులకు లాభసాటిగా మారింది. ప్రతి కార్డుకూ అక్షరం ఒక్కటే కొలమానం అని కూడా అనుకోకండి. పాత ముద్రణ కార్డు పేరుతోనే, అదే పని చేసే కొత్త ముద్రణ చెల్లే సెట్‌లో ఉంటే పాతదానిని కూడా ఆడనిస్తారు. ఉదాహరణకు అల్ట్రా బాల్ ఎఫ్ అక్షరంతోనూ ఉంది, ఆ తరువాత స్కార్లెట్ అండ్ వయలెట్ సెట్‌లో 196/198 సంఖ్యతో జి అక్షరంతోనూ వచ్చింది; అందువల్ల ఆ డెక్‌లో వచ్చిన ఎఫ్ అల్ట్రా బాల్‌లు అప్పటికి పనికివచ్చాయి. లూగియా వీస్టార్‌కూ ఆర్కియాప్స్‌కూ అలాంటి ఆసరా లేదు. అమ్మకందారును నిలదీసినప్పుడు అతడు ఈ వెసులుబాటునే అడ్డం పెట్టుకుని, “పాత కార్డులు కూడా చెల్లుతాయి, రూల్స్ చదువుకోండి” అని ఎదురు దబాయించాడు. సగం నిజం చెప్పి కొత్తవారి నోరు మూయించే మాట అది.

ఇక నకిలీల సంగతి. ఆదివారం మేమంతా కలిసి ఆడే చోట మా తమ్ముడు డెక్ కలుపుతుంటే కొన్ని కార్డులు చేతికి బిరుసుగా తగులుతున్నాయని పక్కనున్న అమ్మాయి గమనించింది. వాపసు షరతును పక్కన పెట్టి అప్పుడే స్లీవులు తీసి, మేము సీలు విప్పిన బూస్టర్ ప్యాక్‌లో (కంపెనీ అమ్మే చిన్న కార్డుల ప్యాకెట్‌లో) వచ్చిన కార్డులను పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాం. ఆ డెక్‌లోని బాసెస్ ఆర్డర్స్ అనే కార్డు దగ్గర సందేహం పూర్తిగా తీరిపోయింది. మా కార్డు వెనుక నీలం ముదురుగా, సుడులు స్పష్టంగా ఉంటే, దాని వెనుక నీలం ఊదా వైపు మళ్లి వెలిసినట్టు ఉంది. పోకెమాన్ అనే ఇంగ్లీషు పేరులో “ఇ” అక్షరం మీద ఉండవలసిన చిన్న గీత లేదు. అంచును కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, అసలు కార్డులో రెండు తెల్లని పొరల మధ్య సన్నని నల్ల గీత కనబడింది; దీనిలో అట్ట అంతా తెల్లగానే ఉంది. ఫోన్ లైటు వెనుక నుంచి వేస్తే అసలు కార్డు వెలుతురును చాలా వరకు ఆపింది, నకిలీ మాత్రం కాంతిని పలచని కాగితంలా వదిలేసింది. ఈ పరీక్షలలో ఏ ఒక్కదాన్నీ నమ్ముకుని తీర్పు చెప్పకండి. ఈ మధ్య లోపల నల్ల పొర ఉన్న నకిలీలు కూడా వస్తున్నాయి. అదే కాలానికి చెందిన, మీరే సీలు విప్పిన కార్డును పక్కన పెట్టుకుని రంగు, అక్షరాలు, అంచు, బరువు కలిపి పోల్చడమే మేలైన మార్గం.

అసలు కార్డుల మధ్య నకిలీలను కలపడం వల్ల వచ్చే నష్టం డబ్బుతో ఆగదు. మందంలో తేడా ఉన్న కార్డు స్లీవులో ఉన్నా వేళ్లకు తెలుస్తుంది. డెక్‌లో ఏ కార్డు ఎక్కడుందో ఆటగాడు తడిమి తెలుసుకునే అవకాశం ఉందని న్యాయనిర్ణేత భావిస్తే అది గుర్తు పెట్టిన కార్డుల కింద లెక్క. నకిలీ కార్డుతో కూర్చున్న కుర్రవాడు తాను మోసపోయానని ఎంత చెప్పినా, అందరి ముందు మోసగాడిగా నిలబడవలసి వస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఈ విషయమే. యాత్రలప్పుడు ఫ్యాన్సీ దుకాణాలలో అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డుల వల్ల ఈ ప్రమాదం లేదు. అవి బొమ్మలని కొనేవారికీ అమ్మేవారికీ తెలుసు.

మరొక రకం సరుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇదే అమ్మకందారు వాపసు అడిగినప్పుడు దానిని బదులుగా ఇవ్వజూపాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రాణించిన డెక్కులను పోకెమాన్ కంపెనీయే వరల్డ్ ఛాంపియన్‌షిప్స్ డెక్ పేరుతో అచ్చు వేసి అమ్ముతుంది. అవి నకిలీలు కావు, జ్ఞాపికగా దాచుకోవడానికి, ఇంట్లో ఆడుకోవడానికి చక్కగా ఉంటాయి. కానీ వాటి వెనుక భాగం మామూలు కార్డులకు భిన్నంగా ఉంటుంది, అధికారిక పోటీలలో వాటిని ఆడనివ్వరు. “కంపెనీ ఒరిజినల్, ప్రపంచ విజేత డెక్” అన్న మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేకపోయినా, పోటీకి వెళ్లేవారికి అది పనికిరాదు. జపనీస్ కార్డులను కలిపి అమ్మేవారూ ఉన్నారు. వాటి వెనుక బొమ్మ కూడా వేరు, ఏ భాష కార్డులు ఆడనిస్తారన్నది పోటీ నిర్వాహకులను ముందే అడగాలి.

కొనదలచుకుంటే డెక్‌గా కొనకండి, సింగిల్స్‌గా, అంటే విడి విడి కార్డులుగా కొనండి. డెక్‌లో సరిగ్గా అరవై కార్డులు ఉండాలి, బేసిక్ ఎనర్జీ తప్ప ఒకే పేరు కార్డు నాలుగుకు మించకూడదు, ఏస్ స్పెక్ అని ముద్ర ఉన్న కార్డు ఒక్కటికి మించకూడదు. ఆ జాబితాను ముందు మీరే రాసుకుని, పోకెమాన్ టీసీజీ లైవ్ యాప్‌లో ఆ డెక్ కట్టి కొన్నాళ్లు ఆడి చూసుకుని, నచ్చిన తరువాత ప్రతి కార్డునూ సెట్ పేరు, సంఖ్య, అక్షరంతో సహా అడగాలి. అలా అడిగినప్పుడు అమ్మకందారుకు తప్పించుకునే చోటు ఉండదు. ముఖ్యమైన కార్డులను స్లీవ్ లేకుండా ముందు, వెనుక, అంచు కనబడేలా, ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి వీడియో తీసి పంపమనండి. చెల్లింపు వివరంలో “గిఫ్ట్” కాకుండా కొన్న వస్తువు పేరే రాయండి. రేపు ఫిర్యాదు చేయవలసి వస్తే అది కొనుగోలు అని చూపించే మొదటి కాగితం అదే. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా కనబడేలా మొదలుపెట్టి ఆపకుండా వీడియో తీయండి. కొత్తవారికైతే కంపెనీ సీలుతో వచ్చే లీగ్ బ్యాటిల్ డెక్ కొని దానిని క్రమంగా మార్చుకోవడం మేలు, దాని మీది అక్షరం కూడా చూసుకుని.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు ఊరుకోకండి. డబ్బు తీసుకుని అసలు సరుకే పంపకపోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పాలి. నకిలీ లేదా చెప్పినదానికి భిన్నమైన సరుకు వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ₹5 లక్షల లోపు అయితే రుసుము లేదు. అయితే అతడు వ్యాపారంగా అమ్ముతున్నాడని చూపించాలి, తన సొంత డెక్‌ను ఒకసారి అమ్ముకున్న మామూలు ఆటగాడని అతడు తప్పించుకోవచ్చు. అందుకే అదే ప్రకటన వేర్వేరు తేదీలలో, వేర్వేరు గుంపులలో కనబడిన స్క్రీన్‌షాట్లు మాకు ఇప్పుడు అవసరం. నల్లని స్లీవులు, వాపసు లేదనే స్టిక్కర్, లూగియా ఫొటో ఉన్న ఈ ప్రకటన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఎవరి దగ్గరున్నా తేదీ కనబడేలా దాచి ఉంచండి, డెక్ కొన్నవారైతే కార్డులను అమ్మేయకుండా, పారేయకుండా పార్సిల్ కవరుతో సహా భద్రపరచి మీ జిల్లాలో మీ పేరున ఫిర్యాదు వేయండి.