నెల్లూరు ఒడ్డున చమురు పడితే: ప్లాట్‌ఫారమా, పైప్‌లైనా, ఓడా? ఏది మేలు?

సముద్రంలో చమురు, గ్యాస్ అన్న మాట వినపడితే చాలు, కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా రెండే ప్రశ్నలు: ఉద్యోగాలు వస్తాయా? వేట పోతుందా? ఈ రెండింటికీ జవాబు భూమి లోపల ఎంత సరుకు ఉందన్న దానికన్నా, దాన్ని ఏ పద్ధతిలో బయటికి తీస్తారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ముఖ్యమైన పద్ధతులు మూడు. మూడూ గోదావరి తీరంలో అమల్లోకి వచ్చినవే.

మొదటిది రవ్వ క్షేత్రం పద్ధతి. లోతు తక్కువ కాబట్టి సముద్రం అడుగున ఉక్కు కాళ్లు దించి ప్లాట్‌ఫారాలు నిలబెట్టారు. వాటి మీద మనుషులు కాపురం ఉండరు. బావి నుంచి వచ్చిందంతా పైప్‌లైన్లలో కోనసీమ ఒడ్డున ఉన్న ఎస్.యానాం టెర్మినల్‌కు చేరుతుంది, చమురు, గ్యాస్, నీరు విడగొట్టే పని అక్కడే. రోజుకు 50,000 బ్యారెళ్లు తీసిన రోజులు ఉన్నాయి. బావి వాల్వులు నీటి పైనే ఉంటాయి కనుక రిపేరు సులువు, ఖర్చు తక్కువ. టెర్మినల్ ఒడ్డున ఉంటుంది కనుక ఫిట్టర్లకు, వెల్డర్లకు, సెక్యూరిటీ వాళ్లకు ఏళ్ల తరబడి పని దొరుకుతుంది. ఇబ్బందల్లా వేటకే. ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్ల లోపలికి పడవలు వెళ్లకూడదు. లెక్క వేస్తే ఒక్కో ప్లాట్‌ఫారానికి దాదాపు 194 ఎకరాల నీళ్లు. నాటు పడవ తిరిగే దగ్గరి నీళ్లలోనే అంత చోటు పోవడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఉక్కు కాళ్ల చుట్టూ చేపలు చేరతాయి. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి మన వలలు చింపి పోయే పెద్ద బోట్లు కూడా ఆ గీత దాటకూడదు. ఇది మన పల్లెలు బేరీజు వేసుకోవాల్సిన సంగతి.

రెండోది కేజీ-డి6 పద్ధతి, అంటే కృష్ణా-గోదావరి బేసిన్‌లో రిలయన్స్ గ్యాస్ తీసే లోతు నీళ్ల బ్లాకుది. లోతు ఎక్కువైతే కాళ్లు దించలేరు. బావి తలకాయ, వాల్వులు అన్నీ సముద్రం అడుగునే పెట్టి, పైప్‌లైన్లలో గ్యాస్‌ను కాకినాడ దగ్గరి గాడిమొగకు తెస్తారు. ఇక్కడ అసలు శత్రువు చలి. అడుగున ఒత్తిడి ఎక్కువ, నీళ్లు చల్లన. గ్యాస్‌లో తడి ఉంటే అది మంచులాంటి గడ్డ కట్టి పైపును మూసేస్తుంది. అందుకే ఒడ్డు నుంచి సన్నని గొట్టంలో గ్లైకాల్ (గడ్డ కట్టకుండా ఆపే ద్రవం) పంపి, గ్యాస్‌తో కలిసి తిరిగొచ్చినదాన్ని శుద్ధి చేసి మళ్లీ వాడతారు. ఏదైనా చెడితే మనిషి దిగలేడు. రిమోట్ యంత్రాలు, ప్రత్యేక ఓడలు రావాల్సిందే. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, తర్వాత బావుల్లోకి నీరు, ఇసుక వచ్చి పడిపోయింది. 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి క్షేత్రం మూతబడింది. అదే ఏడాది డిసెంబర్‌లో పక్కనున్న ఆర్-క్లస్టర్ అనే క్షేత్రం గ్యాస్‌ను పాత ఏర్పాట్ల మీదుగానే ఒడ్డుకు తెచ్చారు. పైప్‌లైన్, టెర్మినల్ ఒకసారి పడ్డాయంటే తర్వాత దొరికే చిన్న క్షేత్రాలకు దారి దొరికినట్టే. నా లెక్కలో ఈ పద్ధతికి ఇదే పెద్ద బలం.

మూడోది ఎఫ్‌పీఎస్‌ఓ, అంటే సముద్రంలోనే లంగరేసి ఉంచిన ఫ్యాక్టరీ ఓడ. కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఓఎన్‌జీసీకి చెందిన 98/2 బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు ఇలాగే వచ్చింది. ఓడలోనే శుద్ధి చేసి, ట్యాంకుల్లో నిల్వ ఉంచి, మరో ట్యాంకరులోకి ఎక్కిస్తారు. ఆ చమురులో మైనం ఎక్కువ, చల్లబడితే గడ్డ కడుతుంది, కాబట్టి పైపు లోపల పైపు వేసి వేడి నిలబెట్టారు. క్షేత్రం ఎండిపోతే ఓడ లంగరు ఎత్తుకుని వెళ్లిపోతుంది, తుక్కు తక్కువ మిగులుతుంది. కానీ స్థానికులకు వచ్చే పనీ తక్కువే. పైగా ‘ఓడ పెడితే మన ఒడ్డుకు పైపు రాదు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. చమురును ట్యాంకరులో తీసుకెళ్లవచ్చు, గ్యాస్‌ను అలా సులువుగా తీసుకెళ్లలేరు. 98/2 గ్యాస్ కూడా కోనసీమలోని ఓడలరేవుకు పైప్‌లైన్‌లోనే రావాలి.

తుపానుకు మూడూ జంకాల్సినవే. 2021 మేలో ముంబై దగ్గర తౌక్టే తుపానుకు చమురు క్షేత్రం పనివాళ్లు ఉండే పి-305 బార్జి లంగర్లు తెగి మునిగి, డెబ్బై మందికి పైగా చనిపోయారు. మన తీరానికి తుపాను కొత్త కాదు. హెచ్చరిక రాగానే మనుషులను ఒడ్డుకు చేర్చడంలో ఒక్క పూట ఆలస్యం కూడా సహించకూడదు.

ఇక నా మాట. తక్కువ లోతులో పడితే రవ్వ పద్ధతే మేలు, అయితే ప్లాట్‌ఫారాలు దూరం దూరంగా చల్లకుండా, ఒకే ప్లాట్‌ఫారం నుంచి వాలుగా ఎక్కువ బావులు తవ్వాలి. లోతులో గ్యాస్ పడితే ఒడ్డుకు పైప్‌లైను. లోతులో చమురు ఎక్కువ, క్షేత్రం చిన్నదైతేనే ఓడ.

ఏ పద్ధతైనా పైపు వేసే నెలల సంగతి ముందే తేల్చుకోవాలి. మా వైపు వేటకెళ్లే పెద్దాయన ఒకరు నాతో అన్నారు: "కాళ్లేస్తారో, ఓడేస్తారో మాకెందుకబ్బయ్యా, వల వెయ్యడానికి చోటు మిగులుద్దా అది చెప్పు." మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు ఎటూ వేట నిషేధమే. తీరం దగ్గరి పైపుల పని వీలైనంత ఆ 61 రోజుల్లో పెడితే సగం గొడవ తగ్గుతుంది. మిగిలిన రోజులకు నష్టపరిహారం ఇవ్వాలి. కోనసీమ, కాకినాడ మత్స్యకార కుటుంబాలకు ఓఎన్‌జీసీ పైప్‌లైన్ పనుల వల్ల వేట పోయినందుకు నెలకు రూ.11,500 లెక్కన చెల్లించారు. ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజు మన వాళ్లు ఆ అంకె చేతిలో పెట్టుకుని వెళ్లాలి. పైపు ఏ ఊరి దగ్గర ఒడ్డెక్కుతుందో, ఎంత లోతున పూడుస్తారో, ఏ నెలలో వేస్తారో మ్యాపు మీద చూపించమని అడిగి, జవాబును మినిట్స్‌లో రాయించుకోవాలి.