ఏళ్లుగా వింటున్న ఆల్బమ్: అలాన్ బషుంగ్ ‘ఫాంతెజీ మిలితేర్’

ఫ్రెంచ్ పాటంటే అకార్డియన్, పారిస్ వీధులు, ప్రేమ అనుకునేవాళ్ళకి 1998లో వచ్చిన ఈ ఆల్బమ్ మొదటి పాట నుంచే మింగుడుపడదు. నేను కొన్నేళ్లుగా వింటున్నా, ఇప్పటికీ మొత్తం అర్థమైందని చెప్పను, అయినా నా దగ్గర ఇంతగా మళ్ళీ మళ్ళీ పెట్టుకునే ఆల్బమ్ ఇంకోటి లేదు.

ఫ్రెంచ్ రాక్ గాయకుడు బషుంగ్ పెరిగింది జర్మనీ సరిహద్దున ఉన్న ఆల్సేస్‌లో, మనసు పోయింది మాత్రం అమెరికన్ రాక్ మీదికి. 1991లో ‘ఓజే జోసెఫీన్’ అనే ఆల్బమ్ కోసం అమెరికాలోని మెంఫిస్ దాకా వెళ్ళి రికార్డు చేశాడు, అందులో అమెరికన్ నల్లజాతి సంగీతమైన బ్లూస్ సూటిగా వినబడుతుంది. ‘ఫాంతెజీ మిలితేర్’లో అదే బ్లూస్ అడుగున ఉంటుంది, దాని మీద బ్రిటిష్ బ్యాండ్ పోర్టిస్‌హెడ్ గిటారిస్టు అడ్రియన్ అట్లీ గిటార్, ఎలక్ట్రానిక్ చప్పుళ్ళు, జోసెఫ్ రకాయ్ రాసిన వయొలిన్లు పొరలు పొరలుగా వచ్చి చేరతాయి. వీటన్నిటి మధ్య ఆయన గొంతు పెంచడు, దాదాపు మాట్లాడుతున్నట్టే పాడతాడు.

రెండో పాట ‘లా న్యుయి జ మాఁ’ కోసమైనా ఇది వినాలి. రాత్రుళ్ళు అబద్ధాలు చెప్పే ఒకడు తన ఘనకార్యాలు ఏకరువు పెడతాడు. వెర్కోర్ కొండల పేరు ఎత్తగానే, 1944లో ఫ్రెంచ్ ప్రతిఘటన దళాలు నాజీలతో పోరాడిన చోటు కదా, వీడూ అక్కడ ఉన్నాడేమో అనుకుంటాం, తీరా వాడు చెప్పేది సాగే తాడు కట్టుకుని దూకే బంజీ జంప్ గురించి! వయొలిన్లు మాత్రం వాడి ప్రతి మాటా నిజమే అన్నట్టు ఎగసిపడుతుంటాయి, మనమూ నమ్మేస్తాం. గీత రచయిత జాఁ ఫోక్‌తో కలిసి బషుంగ్ రాసిన మాటల్లో ఇలాంటి మెలికలు చాలా ఉన్నాయి, అనువాదం పక్కన పెట్టుకున్నా కొన్ని జారిపోతాయి.

లోటు లేదా అంటే ఉంది. ఆఖర్లో వేగం బాగా పడిపోతుంది, పని చేసుకుంటూ వింటే ఆ పాటలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫోన్ స్పీకర్లో అసలు వినొద్దు, బేస్ మొత్తం పోతుంది, మంచి హెడ్‌ఫోన్స్ కావాలి.

1999లో ఫ్రాన్స్‌లో దీనికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా విక్త్వార్ అనే సంగీత అవార్డు వచ్చింది, 2005లో అదే అవార్డుల్లో గత ఇరవై ఏళ్లలో మేటి ఆల్బమ్‌గానూ దీన్నే ఎంచారు. నాకైతే అందులో అతిశయోక్తి ఏమీ కనబడలేదు. కొత్తవాళ్ళు ముందు రెండో పాట, ఆ తర్వాత ఫ్రెంచ్ సంగీతకారుడు రోదోల్ఫ్ బుర్గెర్ తోడైన ఎనిమిదో పాట ‘సామ్యుయెల్ హాల్’ వినండి, ఆ రెండూ పట్టుకుంటే అప్పుడు మొదటినుంచి పెట్టుకోండి.